గీజర్ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయి, డమ్మీ కొట్టించాలా?

నిజాంపేట నుంచి:
అందరికీ నమస్కారం. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు మాది. 25 లీటర్ల గీజర్ పెట్టించి ఏడాదిన్నర అయింది. పొద్దున స్విచ్ వేసిన కాసేపటికి, కింద చల్లనీళ్ల పైపు దగ్గరున్న చిన్న వాల్వ్ నుంచి టప్ టప్‌మని నీళ్లు పడుతున్నాయి. నేలంతా తడి, అమ్మ ఎక్కడ జారి పడుతుందోనని టెన్షన్‌గా ఉంది. ప్లంబర్ చూసి "వాల్వ్ పోయింది, ఆ మూతికి డమ్మీ (మూసేసే బిరడా) కొట్టేస్తే చాలు" అన్నాడు. రేపు వస్తానన్నాడు. కొట్టించమంటారా, వాల్వే మార్పించాలా?

మణికొండ నుంచి:
డమ్మీ మాత్రం వద్దండి, ఇప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్పండి. మీ వాల్వ్ పాడైందని నేను అనుకోవడం లేదు, దాని పనే అది.

నీళ్లు కాగితే ఉబ్బుతాయి. 25 డిగ్రీల నీళ్లు 65 డిగ్రీలకు చేరితే సుమారు 1.7 శాతం పెరుగుతాయి, అంటే మీ 25 లీటర్ల ట్యాంకులో 400 మిల్లీలీటర్ల పైమాటే, రెండు గ్లాసుల నీళ్లు. ట్యాప్ కట్టేసి ఉంది, వచ్చిన దారిన వెనక్కి పోదామంటే ఆ వాల్వ్‌లోనే నీళ్లను వెనక్కి పోనివ్వని ఎన్‌ఆర్‌వీ అడ్డం ఉంటుంది (పైన ట్యాంకు ఖాళీ అయినప్పుడు గీజర్‌లో నీళ్లు వెనక్కి జారిపోయి కాయిల్ పొడిగా కాలిపోకుండా పెట్టింది అది, తీసేయడానికి లేదు). ఇక ఆ రెండు గ్లాసులకు మిగిలిన దారి ఆ చిన్న మూతి ఒక్కటే. లోపల ప్రెషర్ పెరిగితే స్ప్రింగ్ లేచి కాసిని నీళ్లు వదులుతుంది. చాలా వాల్వ్‌ల మీద 8 బార్ అని ముద్ర ఉంటుంది, మీ దాని మీద కూడా చూడండి. పది మీటర్ల ఎత్తులో ఉన్న ట్యాంకు ఇచ్చేది ఒక్క బారే, దాన్నిబట్టి కాగేటప్పుడు లోపల ఎంత పెరుగుతుందో ఊహించుకోండి.

ఆ మూతి మూసేశాక ఏదో ఒక రోజు నీళ్లు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ ఇరుక్కుపోయి, వేడి మరీ పెరిగితే ఆపే కటౌట్ కూడా పని చేయలేదనుకోండి, లోపలి నీళ్లు ప్రెషర్ వల్ల 100 డిగ్రీలు దాటినా ఆవిరి కావు. ట్యాంకు ఎక్కడో చీలిందా, ఆ నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది, ఆవిరైన నీటికి కావలసిన చోటు సుమారు 1600 రెట్లు. గీజర్ పేలడమంటే ఇదే. అమ్మగారు వాడే బాత్‌రూమ్ కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ రాత్రి గీజర్ ఆపేసి వాల్వ్ కింద ఖాళీ మగ్గు పెట్టి పడుకోండి. పొద్దునకి మగ్గు పొడిగా ఉండి, స్విచ్ వేశాకే కారితే వాల్వ్ బాగున్నట్టే. రాత్రి కూడా కారితే లోపల ఉప్పు పట్టి సరిగ్గా మూసుకోవడం లేదు, అప్పుడు వాల్వ్ మార్పించండి.

కుత్బుల్లాపూర్ నుంచి:
అన్నా, మా ఇంట్లో డమ్మీ కొట్టి ఆరేళ్లయింది, ఏమీ కాలేదు. అంత భయపెట్టాలా?

మణికొండ నుంచి:
మీ దాంట్లో ఎన్‌ఆర్‌వీ లేకపోయినా, ఉప్పు పట్టి తెరుచుకునే ఉండిపోయినా, ఉబ్బిన నీళ్లు వెనక్కి పైపులోకి పోతుంటాయి, అందుకే ఏమీ కాలేదేమో. బయట నుంచి చూస్తే అది తెలియదు. దయచేసి ఈ వారంలోనే ఎవరైనా సర్వీస్ అతన్ని పిలిచి ఆ డమ్మీ తీయించి కొత్త వాల్వ్ వేయించండి.

కూకట్‌పల్లి నుంచి:
నేను ఎలక్ట్రీషియన్‌ని, ఇంకో రెండు మాటలు. మన బోరు నీళ్లకి ఉప్పు ఎక్కువ, ఎంత వేడి చేస్తే అంత పేరుకుంటుంది, కాబట్టి నాబ్ 50, 55 దగ్గర పెట్టుకోండి, స్నానానికి అంతకంటే అక్కర్లేదు. వాల్వ్ మీద చిన్న లివర్ ఉంటే నెలకోసారి, గీజర్ చల్లగా ఉన్నప్పుడు, ఒకసారి ఎత్తి వదలండి, లేకపోతే బిగుసుకుపోతుంది. సర్వీస్‌కి వచ్చినప్పుడు లోపలి మెగ్నీషియం రాడ్ చూపించమనండి, ట్యాంకుకి తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడానికే దాన్ని పెడతారు, సన్నబడిపోతే మార్చాలి. ప్లగ్ కూడా 16 ఆంపియర్ల సాకెట్‌లోనే ఉందా చూడండి, 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, చిన్న సాకెట్ నల్లబడిపోతుంది. మూడో పిన్ పొడుగ్గా ఉందని కోసేసేవాళ్లను చూశాను, అట్లా అస్సలు చేయకండి, కరెంటు కంటే ముందు ఎర్త్ తగలాలనే దాన్ని పొడుగ్గా చేస్తారు.

నిజాంపేట నుంచి:
అందరికీ చాలా థాంక్సండి. రాత్రంతా మగ్గు పొడిగానే ఉంది. పొద్దున స్విచ్ వేశాక గ్లాసున్నర దాకా పడింది, ఎర్ర లైట్ ఆరిపోయాక చుక్క కూడా లేదు. ప్లంబర్‌ని వద్దన్నాను. నాబ్ తిప్పి 55లో పెట్టాను. ఆ మూతికి సన్న పైపు తొడిగి జాలీ దాకా వదలొచ్చా?

మణికొండ నుంచి:
వదలండి, చివర తెరిచే ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి వంపు రాకుండా కిందికే దిగాలి. వేడినీళ్లు పడతాయి కాబట్టి మెత్తటి ప్లాస్టిక్ పైపు వద్దు, వేడికి తట్టుకునేది అడిగి తెచ్చుకోండి.