హైదరాబాద్‌లో బయోమెడికల్ పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్: ఎక్కడ మొదలుపెట్టాలి?

తార్నాక_మైక్రో:
ఉస్మానియాలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు. ఆరు నెలల ప్రాజెక్టు, ఆపైన పీహెచ్‌డీ ఇక్కడే చేయాలని ఉంది. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేకుండా కుదురుతుందా? ల్యాబులకు మెయిల్ పెడితే జవాబే రావట్లేదు. మా అక్క థీసిస్ సబ్మిట్ చేయబోతోంది, తనకు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) కావాలి.

హబ్సిగూడ_బెంచ్:
నెట్ లేకపోయినా ప్రాజెక్టు పోస్టుల్లో చేరొచ్చు. కాకపోతే గ్రాంటు అయిపోయిన రోజే జీతమూ ఆగుతుంది. నెట్‌తో వచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో తేల్చేది పార్ట్ సి: 75లో 25 ప్రశ్నలకు జవాబు రాయాలి, ఒక్కోటి 4 మార్కులు, అంటే మొత్తం 200లో సగం. తప్పు రాస్తే పావు వంతు కోత, కాబట్టి గుడ్డిగా పెట్టకండి. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వాళ్ల జేఆర్ఎఫ్ పరీక్ష బెట్ కూడా రాయండి.

మెయిల్ సంగతి. ఒకే మెయిల్ పదిమందికి పంపితే ఎవరూ చదవరు, అది చూడగానే తెలిసిపోతుంది. ఒక్కరికి రాయండి. ఆ ల్యాబ్ కొత్త పేపర్‌లో తేలని ప్రశ్న ఒకటి, దానికి మీరు చేసే మొదటి ప్రయోగం, దాని కంట్రోల్ (ఫలితాన్ని పోల్చి చూసే నమూనా), ఈ మూడూ ఐదారు వాక్యాల్లో. ఒక పేజీ సీవీ జతచేయండి. హెచ్ఓడీ బోనఫైడ్ లెటర్ సిద్ధంగా పెట్టుకోండి. ఎలుకలతో పని అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉందా అని అడగండి. కొత్తగా దరఖాస్తు చేయాల్సి వస్తే మీ ఆరు నెలలూ అందులోనే పోతాయి.

ఉప్పల్_పీసీఆర్:
ఇంటర్వ్యూలో ఎక్కువగా తవ్వేది మీ ప్రాజెక్టునే. ఒకే ఫ్లాస్క్ కణాలను ప్లేటులో మూడు వెల్స్‌ (గుంటల)లో వేసి ప్రయోగాన్ని మూడుసార్లు చేశాం, మూడు రెప్లికేట్లు అంటే అక్కడే పట్టుకుంటారు. అవి టెక్నికల్ రెప్లికేట్లు (ఒకే నమూనాను మళ్లీ కొలవడం), బయలాజికల్ (వేర్వేరు నమూనాలు) కావు. క్యూపీసీఆర్ (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) చేస్తే, పోలికకు వాడే రిఫరెన్స్ జీన్ స్థాయి మీరిచ్చిన మందుకు మారలేదని చూపించగలగాలి. జీఏపీడీహెచ్ అనే రిఫరెన్స్ జీన్ అందరూ వాడతారు కదా అనే జవాబు చెల్లదు.

బంజారాహిల్స్_ఆర్ఏ:
అక్కగారికి. ఆర్ఏ (ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్) మొదటి మెట్టు నెలకు 58,000, ఆపై 61,000, 67,000. దీనికి సాధారణంగా పీహెచ్‌డీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడుగుతారు. కేంద్రం ఇచ్చే నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు థీసిస్ సబ్మిట్ చేసినా చాలు. వయసు 35 లోపు, మహిళలకు ఐదేళ్ల సడలింపు, పీహెచ్‌డీ గైడే మెంటర్ కాకూడదు. ఇది ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్ (కేంద్ర పరిశోధన నిధుల సంస్థ) కింద ఉంది, పాత బ్లాగుల్లో దాని ముందటి సంస్థ ఎస్ఈఆర్‌బీ పేరు ఉంటుంది. చాలామందికి దెబ్బ తగిలేది ఎండార్స్‌మెంట్ లెటర్ దగ్గర. మెంటర్ సరే అన్నా సంస్థ అధిపతి సంతకం కావాలి, ఆయన టూర్‌లో ఉంటే ఫైలు కదలదు. గడువుకు మూడు వారాల ముందే ఇచ్చేయండి. బంజారాహిల్స్‌లోనే ఆఫీసున్న, బయోమెడికల్ పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్పూ చూడమనండి. దరఖాస్తును పీహెచ్‌డీ గైడ్ పనికి కొనసాగింపులా రాస్తే మాత్రం నిలవదు.

తార్నాక_మైక్రో:
అక్క ఆర్ఏలో చేరి, తర్వాత నేషనల్ పోస్ట్‌డాక్‌కు పెట్టొచ్చా అండీ?

బంజారాహిల్స్_ఆర్ఏ:
పెట్టొచ్చు. వచ్చాక ఆర్ఏకి రాజీనామా చేసి చేరాలి, రెండు జీతాలు కుదరవు. ప్రాజెక్టు నోటీసు పీరియడ్ ఎంతో ఇప్పుడే చూసుకోమనండి.