ప్రెస్‌కు ఒకటి, తెరకు ఒకటి: పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు కలిసిపోకుండా ఉంచడం ఎలా?

ప్రశ్న:
ఇన్‌డిజైన్‌లో కూర్చే పత్రికకు ప్రతి సంచికలోనూ రెండు పీడీఎఫ్‌లు తీయవలసి వస్తోంది. తెర కోసం మార్చిన సెట్టింగులు తరువాతి ఎక్స్‌పోర్ట్‌లోనూ మిగిలిపోవడం వల్ల, ప్రెస్‌కు వెళ్ళవలసిన ఫైలులో బ్లీడ్ (కాగితం కోసే గీత దాటి అచ్చు వేసే అదనపు అంచు) ఉండడం లేదు. పైగా ప్రెస్ వారు అడిగిన పీడీఎఫ్/ఎక్స్-1ఎ (అచ్చు కోసం ఏర్పరచిన పీడీఎఫ్ ప్రమాణం) పద్ధతిలో తీస్తే, నీడలు పెట్టిన బొమ్మల చుట్టూ సన్నని తెల్లగీతలు కనిపిస్తున్నాయి. అవి అచ్చులోనూ వస్తాయా?

జవాబు 1:
బ్రాకెట్లలో కనిపించే ప్రీసెట్లు (పేరు పెట్టి భద్రపరచిన సెట్టింగుల కట్టలు) సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చినవి కాబట్టి వాటిని సవరించడం కుదరదు. ఫైల్ మెనూలోని అడోబీ పీడీఎఫ్ ప్రీసెట్స్‌లో 'డిఫైన్' తెరిచి, మీ ప్రెస్ అడిగిన ఎక్స్-1ఎ ఆధారంగా కొత్తది ఒకటి చేసుకొని, అందులో డాక్యుమెంట్ బ్లీడ్‌ను వాడే గడిలో టిక్ పెట్టి భద్రపరచండి. తెర కోసం 'స్మాలెస్ట్ ఫైల్ సైజ్' ఆధారంగా మరొకటి చేయవచ్చు. అయితే అది బొమ్మలను 100 పీపీఐకి (అంగుళానికి 100 పిక్సెళ్ళకు) దించుతుంది, నా దృష్టిలో అది మరీ తక్కువ, 150 ఉంచడం మేలు. ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ ప్రీసెట్‌ను ఆ మెనూ నుంచే ఎంచుకోండి. డైలాగ్‌లో ప్రీసెట్ పేరు పక్కన 'మాడిఫైడ్' అని కనిపిస్తే, ఏదో ఒక సెట్టింగు మారిందని అర్థం.

జవాబు 2:
తెల్లగీతల విషయానికి వస్తే, ఎక్స్-1ఎ పీడీఎఫ్‌లో పారదర్శకతకు, అంటే నీడల్లా వెనుక ఉన్నది కనిపించనిచ్చే గుణానికి, చోటు లేదు. అందువల్ల నీడ పడిన భాగాన్ని సాఫ్ట్‌వేర్ ముక్కలుగా కోసి పక్కపక్కన పేరుస్తుంది. ఆ ముక్కల అంచులను తెర మీద నునుపు చేసి చూపించేటప్పుడు అతుకుల దగ్గర గీతలు పుడతాయి. ఎంత జూమ్ చేసినా గీత మందం పెరగకపోతే అది తెర వరకే పరిమితమని, అచ్చులో రాదని సాధారణంగా భావించవచ్చు. పారదర్శకతను యథాతథంగా ఉంచే ఎక్స్-4ను తీసుకుంటారేమో ప్రెస్ వారిని ఒకసారి అడగండి. వారు కాదంటే మాత్రం ఎక్స్-1ఎనే ఇవ్వాలి. ఫైలును నడపవలసినది వారి యంత్రమే కదా.

జవాబు 3:
గీతల కంటే నలుపు గురించి ఎక్కువ జాగ్రత్త పడాలని నా అభిప్రాయం. వర్డ్ నుంచి తెచ్చిన పాఠంలో ఆర్‌జీబీ నలుపు (తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో చెప్పే నలుపు) ఉంటే, ఎక్స్‌పోర్ట్‌లో అది నాలుగు సిరాల మిశ్రమంగా మారుతుంది. ఒక్కో సిరాకు ఒకటి చొప్పున ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగుల అంచు కనిపిస్తుంది. అక్రోబాట్‌లో 'అవుట్‌పుట్ ప్రివ్యూ' తెరిచి నలుపు ప్లేటును ఆపి చూడండి: పాఠం పూర్తిగా మాయం కావాలి.

ప్రశ్న అడిగినవారు:
గీతల మందం పెరగడం లేదు, ధన్యవాదాలు. నలుపు ప్లేటును ఆపినప్పుడు వ్యాసాల పాఠం మాయమైంది కానీ, పట్టికల్లోని అక్షరాలు మాత్రం బూడిదరంగులో మిగిలాయి. దీన్ని ఎక్స్‌పోర్ట్ సెట్టింగులతో సరిచేయవచ్చా?

జవాబు 3 ఇచ్చినవారు:
దాన్ని ఎక్స్‌పోర్ట్ దగ్గర కాదు, డాక్యుమెంట్‌లోనే సరిచేయడం మంచిది. ఇన్‌డిజైన్‌లో రంగుల జాబితా ఉండే స్వాచెస్ ప్యానెల్‌లో వర్డ్‌తో పాటు వచ్చిన నలుపును తొలగించబోతే, దాని స్థానంలో ఏ రంగు పెట్టాలని అడుగుతుంది; అక్కడ ఇన్‌డిజైన్ సొంత 'బ్లాక్'ను ఎంచుకుంటే, ఆ స్వాచ్‌ను వాడిన పట్టికలన్నిటిలోనూ అక్షరాలు ఒకేసారి మారతాయి.