అప్‌డేట్: రెండేళ్ల పాపతో పెట్రా వెళ్లొచ్చాం

జోర్డాన్‌లో రాతికొండల్ని తొలిచి కట్టిన పాతకాలపు నగరం పెట్రాకి పాపతో వెళ్లొచ్చా, స్ట్రోలర్ పనికొస్తుందా అని పోయిన నెల అడిగాను కదా. స్ట్రోలర్ వద్దన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. కొండలోనే చెక్కిన ఖజానా అనే పెద్ద కట్టడం దాకా, రాతి గోడల మధ్య వెళ్లే సీక్ అనే ఇరుకు దారే 1.2 కిలోమీటర్లు. మధ్యమధ్యలో పాతకాలపు బండలు, ఎగుడుదిగుడు. పాపను క్యారియర్‌లో వీపున వేసుకున్నాం. పొద్దున్న ఆరింటికే గేటు దగ్గరున్నాం కాబట్టి దారంతా నీడే.

ఖజానా కన్నా నాకు గుర్తుండిపోయింది సీక్ గోడ వెంట రాతిలో తొలిచిన కాలువ. ఎడారిలో ఈ ఊరికి, దీన్ని కట్టిన నబాటియన్లు నీళ్లు తెచ్చుకున్నది దాంట్లోనే! పాప దాని కిందే చతికిలబడి, గుప్పెడు ఎర్ర ఇసుక తీసి నా చేతిలో పోసింది. పావుగంట కదల్లేదు, మేమూ కదిలించలేదు.

సుమారు 800 మెట్లెక్కాల్సిన మొనాస్టరీ అనే ఇంకో రాతి కట్టడం జోలికి వెళ్లలేదు. ఎండ ముదిరేలోపు, పదకొండింటికి తిరిగొచ్చేశాం.