లేహ్ క్యాంపులో మోటారు, బయటి పైపులు గడ్డకట్టకుండా ఏం చేయాలి?

కవిటి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. మా తమ్ముడు రోడ్డు పనుల కంపెనీలో చేరి ఇప్పుడు లేహ్ దగ్గర క్యాంపులో ఉన్నాడు. ఇక్కడ కొబ్బరితోటల్లో మోటార్లు బిగించడం, విప్పడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. అందుకని క్యాంపు నీళ్ల పని మొత్తం వాడి నెత్తిన పెట్టారు. బోరులో సబ్‌మెర్సిబుల్ ఉంది, అది నేలలోని సంపులో పోస్తుంది. సంపు నుంచి అర హెచ్‌పీ మోనోబ్లాక్‌తో (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) బాత్‌రూముల మీది సింటెక్స్‌కి ఎక్కిస్తారు. పైపులన్నీ జీఐ (జింకు పూత ఇనుపవి), గోడ బయటే. దసరా వెళ్ళిందో లేదో రాత్రిళ్ళు సున్నా కిందికి పోతోందట. గోనెసంచులు చుడితే సరిపోతుందా? మొన్న పొద్దున్న స్విచ్ వేస్తే మోటారు గుంయ్‌మని ఊరుకుందని ఫోన్ చేశాడు. కాలిపోతే డబ్బులు జీతంలో కోస్తారేమోనని వాడి భయం, అది విన్న దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్.

టెక్కలి కుర్రాడు:
మన నౌపడ ఉప్పు నాలుగు బస్తాలు పార్సిల్ చేసి సంపులో కలిపేయమనండి. ఉప్పునీళ్లు గడ్డకట్టవు కదా 😄

రాజాం మోటారు మెకానిక్:
తమ్ముడూ, నవ్వులాటకి బాగుంది గానీ ఎవరైనా నిజమనుకుంటారు. సముద్రం నీళ్లే మైనస్ 2 దగ్గర గడ్డకడతాయి. మైనస్ 20 దాకా ఆగాలంటే నీళ్లలో దాదాపు పావువంతు ఉప్పు ఉండాలి. ఆ నీళ్లు తాగేదెవరు, ఆ జీఐ పైపు ఎన్నాళ్లుంటుంది? కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్ సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు. తాగే నీళ్ల దగ్గరకి దాన్ని రానివ్వొద్దు, అది విషం.

కవిటి అన్నగారూ, ముందు మోటారు సంగతి. గుంయ్‌మంటోందంటే లోపల ఇంపెల్లర్ (నీళ్లని తోసే చక్రం) ఐసులో బిగుసుకుపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు స్విచ్ మళ్ళీ మళ్ళీ వేస్తే మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగి వైండింగ్ నిమిషాల్లో మాడిపోతుంది. పొద్దున్నే స్విచ్ వేసే ముందు ప్లగ్ పీకేసి, వెనక ఫ్యాన్ వైపు షాఫ్టుని స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూడమనండి. చిన్న మోటార్లకి అక్కడ గాడి ఉంటుంది. సులువుగా తిరిగితేనే కరెంటు. తిరగకపోతే బలవంతం చేయకుండా గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డలు పంపు తలకి చుట్టాలి. నీళ్లు వైండింగ్ వైపు కారకూడదు.

సోంపేట మాజీ హవల్దారు:
సర్వీసులో ఆ వైపు చలికాలాలు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీ తమ్ముడికి పని రాక కాదు, మన పని అక్కడ తిరగబడుతుంది. ఇక్కడ మనం పైపులో నీళ్లు దిగిపోకూడదని అడుగున ఫుట్‌వాల్వ్ వేస్తాం, పైన ఎన్నార్వీ (నీళ్లని వెనక్కి రానివ్వని వాల్వ్) వేస్తాం. రాత్రి నీళ్లు దిగిపోతే పొద్దున్న మళ్ళీ చెంబుతో పోసి ప్రైమింగ్ చేసుకోవాలని తిట్టుకుంటాం. అక్కడ పైపులో నిలిచిన నీళ్లే శత్రువు. మోటారు ఆపిన మరుక్షణం లైను మొత్తం ఖాళీ అయిపోవాలి. ఖాళీ పైపుని మైనస్ 20 కూడా ఏమీ చేయలేదు.

గోనెసంచి వేడి పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, అంతే. నీళ్లు కదలకుండా రాత్రంతా ఉంటే తెల్లవారేసరికి సంచి లోపల కూడా గడ్డే. పైగా సంచి తడిస్తే అదే ఐసు తొడుగవుతుంది. చుట్టాలనుకుంటే ఏసీ రాగి గొట్టాలకి వేసే నల్ల ఫోమ్ ట్యూబు వేసి, తడి తగలకుండా పైన పాలిథిన్ చుట్టాలి.

మోనోబ్లాక్ సంగతికొస్తే, నేనైతే దాన్ని తీసేయిస్తాను. సంపులోకే దించే చిన్న ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ పెట్టి, ఎన్నార్వీ లేకుండా పైపుని నిట్టనిలువుగా సింటెక్స్ పైభాగంలోకి వదిలితే, ఆపగానే పైపులోని నీళ్లన్నీ తిరిగి సంపులోకే జారిపోతాయి. పైపు కొస ట్యాంకు నీళ్లలో మునగకూడదు, గాలిలో ఉండాలి. లేకపోతే ట్యాంకు నీళ్లు కూడా వెనక్కి లాగేస్తుంది. నీళ్లు దిగేటప్పుడు పంపు వెనక్కి తిరుగుతుంది, ఆ కాసేపూ స్విచ్ వేయకూడదు. సంపు నేలలో ఉంది కాబట్టి, మూత మీద మందంగా థర్మోకోల్ గానీ ఎండుగడ్డి గానీ పరిస్తే అంత త్వరగా గడ్డకట్టదు.

కవిటి:
చాలా థాంక్సండీ. కొత్త పంపు కొనేదాకా ఉన్నదానితోనే నెట్టుకురావాలి. మరి బోరు లైను? బోరు నుంచి సంపు దాకా నేల మీదే పాకించారు, మధ్యలో రెండు చోట్ల కిందికి వంగి ఉందట.

రాజాం మోటారు మెకానిక్:
ఆ వంపులే కొంప ముంచుతాయి. ఎంత ఖాళీ చేసినా అక్కడ నీళ్లు నిలుస్తాయి, అక్కడే పగులుతుంది. కింద రాళ్లు పెట్టి లేపి, పది అడుగులకి ఒక అంగుళం చొప్పున సంపు వైపు వాలు ఇవ్వాలి. అసలు దారి పాతిపెట్టడం. ఎంత లోతు అన్నది ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు, లేహ్‌లో పైపు పాతే మేస్త్రీనే అడగాలి. మన దగ్గర మూరెడు తవ్వి మట్టి కప్పే లెక్క మాత్రం అక్కడ చెల్లదు.

బోరు లోపలి నీళ్లకి భయం లేదు, భూమి లోపల వెచ్చగానే ఉంటుంది. సబ్‌మెర్సిబుల్ ఎన్నార్వీ వల్ల పైపులో నీళ్లు బోరు మూతి దాకా నిలబడతాయి. గడ్డకట్టేది ఆ పైభాగమే. పైపు పైకి తీసినప్పుడు, చలి దిగే లోతుకి బాగా కింద ఒక 3 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే, ఆపగానే నీళ్లు అక్కడి దాకా దిగిపోతాయి. నడిచేటప్పుడు కొంచెం నీళ్లు బోరులోకే చిమ్ముతాయి, నష్టం లేదు. ఉన్న మోనోబ్లాక్‌కి పంపు తల అడుగున డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు వదిలే బిరడా) ఉంటుంది. రాత్రి అది విప్పి, పైన ప్రైమింగ్ ప్లగ్ కూడా తీసేయాలి. పైనుంచి గాలి పోకపోతే నీళ్లు దిగవు, స్ట్రా పై కొసన వేలు మూసినట్టే.

విజయనగరం నుంచి ఒక గృహిణి:
మావారి ఉద్యోగం వల్ల లేహ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అక్కడ చలికాలంలో చాలా చోట్ల కుళాయి నీళ్లు ఆపేసి ట్యాంకర్లతో ఇచ్చేవారు. సాయంత్రమే బకెట్లు, డ్రమ్ములు నింపి ఇంటి లోపల పెట్టుకుని, బయటి లైను ఖాళీ చేసేసేవాళ్లం. క్యాంపులో కూడా రాత్రికి సింటెక్స్ మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పండి బాబూ. ట్యాంకు కన్నా ముందు దాని కింది సన్న పైపు బిగుసుకుంటుంది. కుళాయి సన్నధారగా వదలడం కాస్త చలికి పనిచేస్తుంది గానీ, అంత చలిలో పారిన నీళ్లే కాలువలో గడ్డకట్టి గుమ్మం ముందు జారుడుబండ అవుతుంది.

సోంపేట మాజీ హవల్దారు:
అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి, బాల్ వాల్వ్‌లుంటే నీళ్లు వదిలాక సగం తెరిచి ఉంచాలి. పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా లోపలి గుండు చుట్టూ చెంచాడు నీళ్లు ఇరుక్కుంటాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి వాల్వ్ బాడీ చీలడానికి ఆ చెంచాడు చాలు.

కవిటి:
తమ్ముడితో మాట్లాడానండీ. పంపు తల వెచ్చబెట్టాక షాఫ్టు తిరిగిందట, మోటారు బాగానే ఉంది. కానీ గోడ మీది పైపు ఒక ముక్క ఇంకా గడ్డకట్టే ఉంది. పక్కనున్నవాళ్లు గుడ్డకి డీజిల్ పోసి మంట పెడదామంటున్నారట.

రాజాం మోటారు మెకానిక్:
మంట వద్దే వద్దు. మధ్యలో కాలిస్తే అక్కడ పుట్టిన ఆవిరికి రెండు వైపులా ఐసే, పైపు పేలుతుంది. ముందు కుళాయి తెరవాలి. కుళాయి దగ్గర మొదలుపెట్టి వేడినీళ్ల గుడ్డలతో మెల్లగా వెనక్కి రావాలి, అప్పుడు కరిగిన నీళ్లకి బయటికి దారి ఉంటుంది. జాయింట్ల దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. ఇప్పటికే చీలి ఉంటే ఐసు కరిగేదాకా కారదు, కరగ్గానే చిమ్ముతుంది.

కవిటి:
అలాగేనండీ. పంపు తల అడుగున ప్లగ్ కనిపించడం లేదంటున్నాడు, పైన మాత్రమే ఉందట.

రాజాం మోటారు మెకానిక్:
కొన్ని చిన్న మోడళ్లకి ఉండదు. రెండు వైపులా యూనియన్లు (పైపుని సులువుగా విప్పి బిగించే జాయింట్లు) వేయించి, రోజూ సాయంత్రం మెయిన్ ఆపి, వైరు ప్లగ్ తీసి, మోటారుని విప్పి తల్లకిందులుగా వంచి నీళ్లు పారబోసి, పడుకునే గదిలో పెట్టుకోమనండి. సంపు వైపు పైపులో ఫుట్‌వాల్వ్ ఆపిన నీళ్లుంటాయి, యూనియన్ విప్పాక ఆ పైపుని కూడా పైకి లాగేసి పక్కన పడుకోబెట్టాలి. పొద్దున్న బిగించాక చెంబుతో ప్రైమింగ్ తప్పదు మరి.