ప్రతిదానికీ "నిజమేనా" అని అడగడం తప్పా? హద్దు ఎక్కడ పెట్టుకోవాలి?

తెల్లకాగితం:
అందరికీ నమస్తే. ఏదైనా వింటే వెంటనే నమ్మే అలవాటు లేదు నాకు, ఎవరు చెప్పారు, ఎక్కడ చూశారు అని అడుగుతా. మొన్న ఫ్యామిలీ గ్రూప్‌లో మా పిన్ని ఒక ఫార్వర్డ్ పెట్టింది, నొప్పి మాత్రలు వాడితే గుండెపోటు ముప్పు రెట్టింపు అవుతుందట, ఈరోజే ఆపేయండి, పది మందికి పంపండి అని. కింద ఎవరో డాక్టర్ పేరుంది గానీ ఏ ఆస్పత్రో లేదు, తేదీ లేదు. "ఇది ఎక్కడిది పిన్నీ" అన్నా అంతే, "నేనేమన్నా అబద్ధం చెప్తున్నానా, నీకు ప్రతిదీ అనుమానమే" అని నొచ్చుకుంది, ఇంకో ఇద్దరు ఆవిడకే వత్తాసు పలికారు. నా బెంగ ఏంటంటే మా బాబాయ్ అవే మాత్రలు డాక్టర్ రాస్తే వాడుతున్నారు, ఇది చూసి చెప్పాపెట్టకుండా మానేస్తే?

ఇంకోవైపు మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు, డాక్టర్లు, సైంటిస్టులు, పేపర్లు అందరూ అమ్ముడుపోయారంటారు, ఏం చూపించినా "అదీ వాళ్ల పనే" అంటారు. ఆయన కూడా తాను ప్రశ్నిస్తున్నాననే అనుకుంటారు కదా, మరి ఆయనకీ నాకూ తేడా ఏంటి? రేపు నేనూ అలా తయారవుతానేమో అని నిజంగానే భయంగా ఉంది.

గళ్లనోటుబుక్:
ముందు ఒక మాట అండి, మీ పిన్నిగారు పంపినదాంట్లో కొంత నిజం ఉంది. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందు వల్ల గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలాక 2004లో దాన్ని తయారుచేసే కంపెనీయే ప్రపంచమంతా మార్కెట్ నుంచి వెనక్కి తీసేసుకుంది. 2015లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రల మీద ఉన్న గుండె హెచ్చరికని ఇంకా గట్టిగా రాయించింది. సోర్స్ లేదు కదా అని మీరు దాన్ని ఫేక్ అని కొట్టిపారేసి ఉంటే అదీ తొందరపాటే అయ్యేది. మీరు అడిగి ఆగారు, అది కరెక్ట్.

ఇక ఆ "రెట్టింపు" సంగతి. ఈ మాట ఎక్కడ కనిపించినా ఎంత నుంచి ఎంతకి అని అడగండి. 1995లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది, పేపర్లు, టీవీలు హోరెత్తించాయి, బోలెడంతమంది ఆడవాళ్లు భయపడి మాత్రలు మధ్యలో మానేశారు. అసలు లెక్క చూస్తే 7000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది, రెట్టింపు అన్నది అబద్ధం కాదు గానీ పెరిగింది 7000 మందికి ఒక్కరు. మాత్రలు మానేశాక అక్కర్లేని గర్భాలు పెరిగాయి, తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు దాదాపు 13 వేలు అదనంగా జరిగాయని అంచనా. పైగా గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలు వేసుకున్నప్పటికంటే ఎక్కువ! ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది, ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే ఎంతమంది తప్పించుకునేవాళ్లు.

మీ బాబాయ్‌గారి విషయం మాత్రం గ్రూప్‌లో తేలేది కాదు. బీపీ ఉందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఎంత డోసు ఎన్నాళ్లుగా వాడుతున్నారు, ఇవన్నీ చూసి చెప్పాల్సింది ఆయన డాక్టరే.

తెల్లకాగితం:
చాలా థాంక్స్ అండి, ఆ 7000 లెక్క నాకు అస్సలు తెలీదు. డాక్టర్‌తో మాట్లాడిస్తా. కానీ పిన్ని నొచ్చుకోకుండా ఎలా అడగాలో అదే అర్థం కావట్లేదు.

కిటికీసీటు:
గ్రూప్‌లో అందరి ముందు "ఎక్కడిది" అంటే పెద్దవాళ్లకి తమని నిలదీసినట్టే ఉంటుంది, మనం అడిగింది మెసేజ్ గురించైనా సరే. విడిగా ఫోన్ చేసి "పిన్నీ, బాబాయ్ ఇవే వాడుతున్నారు కదా, నాకూ భయమేసింది, ఇది ఎవరు చెప్పారో ఇద్దరం కలిసి చూద్దామా" అనండి. ఆవిడ పంపింది కూడా మీ అందరి మీద ప్రేమతోనే కదా, అక్కడ నుంచి మొదలుపెడితే గొడవ రాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మన అనుమానమంతా పక్కవాళ్ల మాటల మీదే ఉంటుంది, మనం అనుకున్నదాని మీద ఉండదు. పీటర్ వాసన్ అనే సైకాలజిస్ట్ 1960లో ఒక ప్రయోగం అచ్చేశారు. 2, 4, 6 అని మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక ఒక రూల్ ఉంది, మీరూ మూడేసి అంకెలు చెప్పండి, రూల్‌కి సరిపోతాయో లేదో నేను చెప్తా, రూల్ కనిపెట్టండి అన్నారు. జనం 8, 10, 12 అంటారు, అవును. 20, 22, 24 అంటారు, అవును. ఇంకేముంది, రెండేసి పెరగాలి అని ధీమాగా చెప్పేస్తారు, తప్పు! అసలు రూల్ చిన్నది నుంచి పెద్దదానికి వెళ్లాలి, అంతే. 1, 2, 9 అనో 6, 4, 2 అనో అడిగి చూస్తే తేలిపోయేది, కానీ తమ ఊహ తప్పయ్యే అంకెలు అడగాలని చాలామందికి తట్టలేదు. అందుకే నాకు బాగా నచ్చిన వార్త వచ్చినప్పుడు, నాకు పడని మనిషి గురించి చెడ్డగా విన్నప్పుడు, ఇంకో రెండు చోట్ల చూస్తా. మనకి అస్సలు అనుమానం రానివి అవే.

నిద్రపట్టనోడు:
మీ ఆఫీసాయన గురించి బ్రదర్. ఆయన్ని ఒక్కటి అడిగి చూడండి, "సార్, ఏం చూపిస్తే మీరు మనసు మార్చుకుంటారు?" అని. దానికి ఆయన దగ్గర జవాబు ఉందంటే ఆయన అనుమానం ఆరోగ్యంగా ఉన్నట్టే, ఏం చూపించినా నమ్మను అంటే దాన్ని ప్రశ్నించడం అనలేం, ముందే తీర్పు రాసేసుకుని కూర్చున్నట్టు.

కడుపులో అల్సర్లకి టెన్షన్, యాసిడ్ కారణం అని డాక్టర్లు ఏళ్ల తరబడి నమ్మారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు మాత్రం అది కాదు, ఒక బ్యాక్టీరియా కారణం అన్నారు. ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు, 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగేసి జబ్బు తెచ్చుకున్నారు, అయినా మిగతా డాక్టర్లు వెంటనే ఒప్పుకోలేదు. తర్వాత పరీక్షల్లో యాంటీబయాటిక్స్‌తో అల్సర్లు తగ్గి మళ్లీ రాకపోవడం చూశాక వైద్యం మారింది, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అనుమానించిన డాక్టర్లు చెడ్డవాళ్లేం కాదు, ఆధారం వచ్చాక మారారు, అదీ నాకు నచ్చేది.

దీనికి పూర్తి రివర్స్ సిగరెట్ కంపెనీలు. పొగకీ క్యాన్సర్‌కీ ఉన్న లింకు తమకి తెలిసి కూడా "ఇంకా తేలలేదు, ఇంకా పరిశోధన కావాలి" అని దశాబ్దాలు సాగదీశాయి, జనం మనసులో సందేహం నాటడమే మన పని అని 1969లో ఒక కంపెనీ లోపలి కాగితంలో రాసుకున్నారు కూడా. ఆ సందేహం పట్టుకుని తాగుతూ పోయినవాళ్లు ఎంతమందో. కాబట్టి అనుమానం రేపేవాళ్ల లాభం ఏంటో కూడా చూడాలి, నమ్మించేవాళ్ల లాభం ఒక్కటే చూస్తే చాలదు.

పాతసైకిల్:
పైవాళ్లు అంతా చెప్పేశారు, నాది చిన్నది. అన్నీ చెక్ చేస్తూ కూర్చుంటే బతకలేం, తప్పైనా పోయేదేం లేని విషయాలు వదిలేయండి. డబ్బు, ఒళ్లు, సంతకం, ఒకరి పరువు, ఈ నాలుగింటి దగ్గర మాత్రం ఆగాలి. ముఖ్యంగా "అర్జెంట్, ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ పెట్టొద్దు" అని వస్తే. ఇప్పుడు ఏఐతో గొంతు కూడా అచ్చం దించేస్తున్నారు, కొడుకు గొంతే కదా అని నమ్మడానికి లేదు. ఫోన్ పెట్టేసి, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కి మనమే చేయాలి, వాళ్లిచ్చిన నంబర్‌కి కాదు. మా ఇంట్లో ఒక పదం అనుకున్నాం, డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే ఆ పదం చెప్పాల్సిందే. మా అమ్మ నన్ను కూడా అడుగుతుంది, చెప్పకపోతే కట్ చేసేస్తుంది.