హఠాత్తుగా మనిషిని పోగొట్టుకున్నవాళ్లను వెంటనే మాట్లాడించాలా?

ప్రశ్న అడిగినవారు:
మా స్నేహితురాలి భర్త నెల క్రితం రోడ్డు ప్రమాదంలో పోయారు. పొద్దున మామూలుగా ఆఫీసుకు బయల్దేరిన మనిషి. ఆవిడ ఇప్పటిదాకా సరిగ్గా ఏడవలేదు. పిల్లలకు వండిపెడుతోంది, ఫోన్లు ఎత్తుతోంది. లోపల దాచుకుంటే మంచిది కాదు, కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించమని కొందరంటున్నారు. కదిలించొద్దని ఇంకొందరు. మీరేమంటారు?

ఒక సభ్యురాలు:
మాట్లాడించాల్సిందే. నాన్నగారు గుండెపోటుతో పోయాక అమ్మ నోరు విప్పలేదు. బాధపెట్టినట్టవుతుందని మేమూ అడగలేదు. రెండేళ్ల తర్వాత కూడా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి బీరువాలో సర్దుతూనే ఉంది. చివరికి కౌన్సెలర్ దగ్గర మొదటిసారి బావురుమంది. ఆ రెండేళ్లూ అమ్మను ఒంటరిగా వదిలేశామని నాకిప్పటికీ బాధే.

మరో సభ్యుడు:
మీ బాధ అర్థమైంది. కానీ అది రెండేళ్ల తర్వాతి మాట, ఇక్కడ గడిచింది ఒక్క నెల.

దుర్ఘటన జరిగిన కొద్దిరోజుల్లోనే ఒకసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. డీబ్రీఫింగ్ అనేవారు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే దానివల్ల మేలు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిని కూడా బలవంతంగా మాట్లాడించొద్దనే చెబుతుంది: అవసరాలు గమనించండి, వాళ్లు చెబితే వినండి, సాయం అందే చోటికి చేర్చండి.

ఏడవలేదని కంగారు అక్కర్లేదు. దుఃఖం కాదనుకోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం అనే వరసలో నడుస్తుందని అందరూ చెప్పే ఐదు దశలు కుబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో రాసినవి. మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి రాశారు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లతో కాదు. స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పింది నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. మనసు కాసేపు దుఃఖంలోకి, కాసేపు రోజువారీ పనుల్లోకి ఊగుతుంటుంది, రెండూ కావాలి. ఆవిడ వంట చేయడం కూడా అందులో భాగమే కావచ్చు.

మా తమ్ముడు పోయినప్పుడు "ఏం కావాలన్నా అడుగు" అని చాలామంది అన్నారు. ఏం కావాలో నాకే తెలియదు. ఆఫీసులో పనిచేసే ఒకాయన మాత్రం బ్యాంకు, ఇన్సూరెన్స్ కాగితాలు పట్టుకుని నాతో తిరిగాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. మూడో నెలలో ఓ క్యూలో నిలబడి ఉండగా నేనే తమ్ముడి గురించి మొదలుపెట్టాను. ఆపలేకపోయాను.

ఒక సభ్యురాలు:
బలవంతం వద్దన్నది ఒప్పుకుంటాను. కానీ "కదిలించొద్దు" అంటూ జనం మొహం చాటేస్తారు. మా ఇంట్లో జరిగిందదే. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కూడా ఎవరూ చెప్పలేదు.

మరో సభ్యుడు:
అది నిజమే, దూరంగా ఉండమని నేననను. చనిపోవాలన్న మాట వస్తే, తిండీ నిద్రా పూర్తిగా పోతే, తాగుడు మొదలైతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అలాంటివేమీ లేకపోయినా, ఆరు నెలలు దాటాక కూడా దుఃఖం మొదటిరోజులాగే ఉండి ఏ పనీ చేయనివ్వకపోతే దానికి చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రుగ్మతగా గుర్తించింది.

ప్రశ్న అడిగినవారు:
ఆవిడ పాప స్కూలు ఫారం నింపుతూ, తండ్రి వివరాల దగ్గర ఆగిపోయిందట. ఆదివారం వెళ్లి ఆ పని చూస్తాను. ఆయన పేరు ఎత్తొచ్చా?

మరో సభ్యుడు:
ఎత్తండి. ఆవిడ మాట మార్చితే మీరూ మార్చేయండి. మా తమ్ముడి పేరు ఎవరైనా పలికితే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.