దబాయించే మగవాళ్ళ గురించి నవ్వుతూ రాస్తే వాళ్ళని వదిలేసినట్టేనా? (భానుమతి గారి ‘నాలో నేను’ చదివాక)

ప్రశ్న – రిటైరైన బ్యాంకు ఉద్యోగిని, కాకినాడ

నేను 31 ఏళ్ళు బ్యాంకులో చేసి బయటికొచ్చాను. ఆ రోజుల సంగతులు రాద్దామని ఈ మధ్య మొదలుపెట్టాను. ముఖ్యంగా పై అధికారులతో నేను పడిన గొడవలు. నాకు నవ్వుతూ చెప్పడమే వస్తుంది, ఇంట్లో అందరూ నా చేత అలాగే చెప్పించుకుంటారు కూడా. కానీ మా అమ్మాయి రెండు భాగాలు చదివి, “అమ్మా, ఇలా రాస్తే వాళ్ళు చేసింది తప్పు అనిపించట్లేదు, సరదాగా అనిపిస్తోంది” అంది. అప్పటినుంచి కలం ముందుకు కదలడం లేదు. సినీనటి భానుమతి గారి ఆత్మకథ ‘నాలో నేను’ తీసి మళ్ళీ చదివాను. ఆవిడ ఎవరికీ తల వంచలేదు, నవ్వూ మానలేదు. అదెలా కుదిరింది? చదివినవాళ్ళు చెప్పండి.

జవాబు – ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

భానుమతి గారు మా జిల్లా దొడ్డవరంలో పుట్టిన మనిషి కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ముందు ఆవిడ హాస్యకథలు, ‘అత్తగారి కథలు’, పక్కన పెట్టండి మేడమ్. అందులోనూ పెత్తనం చేసే మనిషే ఉంది, మడి, ఆచారం, మొండిపట్టు అన్నీ ఉన్నాయి, కానీ ఆ నవ్వంతా ప్రేమలోంచి వచ్చింది, కోడలు అత్తగారిని ఒక్క మాట పడనివ్వదు. మీ పై అధికారుల మీద మీకు అలాంటి ప్రేమేమీ లేదు కదా, కాబట్టి ఆ పద్ధతి మీకు సరిపడదు.

మీకు పనికొచ్చేది ‘మిస్సమ్మ’ సినిమా సంగతి. మొదట మేరీ వేషం ఆవిడదే, నాలుగు రీళ్ళు తీశారు కూడా. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం, మధ్యాహ్నం వస్తానని ముందే ఉత్తరం రాసి పంపించింది. నిర్మాత చక్రపాణి గారు ఆలస్యమైందని ఆవిడని క్షమాపణ చెప్పమన్నారు. చెప్పే వచ్చాను కదా, క్షమాపణ ఎందుకన్నది ఈవిడ. సినిమా పోయింది, ఆ రీళ్ళు తగలబెట్టించారని చెప్పుకుంటారు. 1955లో సావిత్రి గారితో వచ్చి ఎంత పెద్ద హిట్టయిందో తెలిసిందే. ఇందులో నన్ను పట్టుకునేది ఆవిడ ధైర్యం కన్నా ఆవిడ పోగొట్టుకున్నది. మీరు రాసినదాంట్లో మీరేం పోగొట్టుకున్నారో ఉందా? మీ అమ్మాయికి కనపడనిది అదేనేమో.

జవాబు – తెనాలి చదువరి

చక్రపాణి గారిది మా ఊరు, అందుకని ఒక మాట. ఆయన శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చిన మనిషి, నాగిరెడ్డి గారితో కలిసి ‘చందమామ’ పెట్టిన మనిషి. ఆయన్ని ఉత్త అహంకారిగా చూపిస్తే కథ పల్చబడిపోతుంది. ఇద్దరూ తెలివైనవాళ్ళు, ఇద్దరూ హాస్యం తెలిసినవాళ్ళు, ఇద్దరూ మెట్టు దిగలేదు. తప్పు మాత్రం ఆయనదే అని నేనూ అంటాను, ముందే చెప్పి ఆలస్యంగా వచ్చిన మనిషిని క్షమాపణ చెప్పమనడమేమిటి. మీ అధికారుల్లో పనిమంతులు ఉంటే ఆ సంగతి కూడా రాయండి, అప్పుడు వాళ్ళు చేసిన తప్పు ఇంకా బాగా కనపడుతుంది.

జవాబు – చెన్నైలో ఉంటున్న తెలుగువాడిని

అరవంలో ‘నాడోడి మన్నన్’ (1958) సంగతి కూడా చూడండి. ఎం.జి.ఆర్. సొంత సినిమా, దర్శకత్వమూ ఆయనదే. తీసిన సీన్లే మళ్ళీ మళ్ళీ తీస్తున్నారని భానుమతి గారికి ఆయనతో పడలేదు, బయటికొచ్చేసింది. ఆవిడ పాత్రని సగంలో చంపేసి, తర్వాత సరోజాదేవితో నడిపారు. అదే ఎం.జి.ఆర్. ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఆవిడ ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయింది. ఇది తలుచుకుంటే నాకు ఇద్దరి మీదా గౌరవం పెరుగుతుంది.

ఇంకో సంగతి, ఆవిడకి సొంత సంస్థ ఉంది. భర్త రామకృష్ణ గారితో కలిసి కొడుకు పేరున భరణీ పిక్చర్స్ పెట్టింది, స్టూడియో కట్టింది, 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది. ఒకరి సినిమా పోతే తన సినిమా ఉంది. నెల జీతం మీద బతికే ఆడమనిషికి అంత వీలు ఎక్కడిది? అందుకే మేడమ్, మీరు చిన్న మాట ఎదురు చెప్పినా దాని బరువు ఎక్కువే.

మళ్ళీ ప్రశ్న అడిగినావిడ

ఒంగోలు పాఠకురాలు గారూ, మీరు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. నేను రాసింది ఇది: మీటింగ్ ఎప్పుడు పెట్టినా మా పెద్ద ఆఫీసరు టీలు అందించే పని మా ఇద్దరు ఆడవాళ్ళకే చెప్పేవాడు. మగవాళ్ళు పదకొండు మంది కూర్చుని ఉండేవాళ్ళు. ఒకరోజు నేను ట్రే తీసుకెళ్ళి తిన్నగా ఆయన ముందే పెట్టి, “సార్, ఇవాళ తమరి చేతుల మీదుగా అందరికీ ఇప్పిద్దామని” అన్నాను. సన్మానాల్లో పిలిచినట్టు పిలిచేసరికి ఆయన లేచి నిలబడ్డాడు, ఇంక కూర్చోలేక పదకొండు మందికీ తనే ఇచ్చాడు. అక్కడితో ఆపేశాను.

రాయనిది ఏమిటంటే, నెలన్నరలో నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఇంటికి 140 కిలోమీటర్ల దూరం. పాపకి అప్పుడు మూడేళ్ళు. శనివారం రాత్రి బస్సు దిగి వచ్చేసరికి నిద్రపోయి ఉండేది. సరదాగా రాశావు అని నాతో అన్నది ఆ పాపే.

తెనాలి చదువరి గారూ, ఆయన పనిలో గట్టివాడే, లెక్కలో ఒక్క పైసా తేడా రానిచ్చేవాడు కాదు, అది కూడా రాస్తాను. టీ సంగతి ఒక్క అక్షరం మార్చను. దాని కిందే బస్సు సంగతి పెడతాను. రాశాక ముందు అమ్మాయికి చూపించి, ఏమందో ఇక్కడ చెప్తాను.